మడమ దాకా

పోజ్నాన్‌లో ఫిబ్రవరి. తెల్లవారుజాము నాలుగు.
బేకరీ ముందు వరుస వీధి మలుపు తిరిగి
మందుల షాపు దాకా సాగింది.
అందరి నోళ్ళలోంచీ ఆవిరి,
అందరి కళ్ళూ ఒకే తలుపు మీద.

ఇవాళ కొవ్వు గురువారం.
వచ్చే బుధవారం నుంచి నలభై రోజుల ఉపవాసాలని
ఊరు ఊరంతా నూనెలో వేగిన పోంచ్కీల మీద పడే రోజు.
ఒక్కటైనా తినకపోతే
ఏడాదంతా అచ్చిరాదంటుంది మా అత్త.
ఒక్కటైనా అంది గానీ
ఎక్కడ ఆపాలో ఆవిడా చెప్పలేదు,
వాళ్ళమ్మా చెప్పలేదట.

నా పేరు బోజెనా.
పదకొండో నంబరు ట్రాము తోలతాను.
సెప్టెంబరు నుంచి నోరు కట్టుకుని
ఆరు కిలోలు దించాను.
దించానంటే బస్తా దించినట్టనుకునేరు,
గోడకంటిన సున్నం గోటితో గీకినట్టు.
ఉడికించిన క్యాబేజీ, ఊరబెట్టిన దోసకాయ,
లెక్కపెట్టుకుని ఒక్క రొట్టె ముక్క.
గళ్ళ పుస్తకంలో రోజూ పెన్సిల్‌తో ఒక అంకె.
యూనిఫాం ప్యాంటు గుండీ రెండుసార్లు జరిపి కుట్టాను.
ఆ దారం ముడి వేలితో తడుముకోవడం
సిగ్నళ్ళ దగ్గర నా కాలక్షేపం.

మొదటిది వరుస పక్కనే తిన్నాను, నిలబడి,
గ్లవ్ తీయకుండా.
లోపలి గులాబీ జామ్ నాలుక కాల్చింది.
రెండోది డిపోలో.
మూడోది లెషెక్ వాళ్ళావిడ ఇంట్లో చేసి పంపింది,
వద్దంటే ఆ మనిషి ఈస్టర్ దాకా మాట్లాడడు.
నాలుగోదానికి కారణం లేదు.
నిజం చెప్పాలంటే అన్నిట్లోకీ రుచి దానిదే.
ఐదోది చివరి స్టాపులో దిగబోతూ
ఒక పిల్లాడు కేబిన్ తలుపు తట్టి ఇచ్చాడు,
ఒక మూల కొరికేసి ఉంది.
ఆరోది రాత్రి, వంటింట్లో, లైటు వెయ్యకుండా,
మా ఆయన గురక వింటూ.
దాని రుచి గుర్తు లేదు.

శుక్రవారం పొద్దున కాటా ఎక్కాను.
తొంభై రెండున్నర.
బుధవారం తొంభై ఒకటి మీద కాస్త.

కాటా ఏమీ అనలేదు.
అన్నదంతా నేనే.
పేజీ చింపేద్దామనుకున్నాను.
ఆదివారం దాకా పస్తుందామనుకున్నాను.
అప్పుడొచ్చింది మూడో ఆలోచన,
మెత్తగా, పిల్లిలా,
పోయినేడు వచ్చిన తలుపులోంచే:
మునిగినవాడికి చలేమిటి?

పోయినేడు ఆ మాట విన్నాను.
ఒక గురువారం వారమైంది, వారం నెలైంది,
చెర్రీలు పండేనాటికి
జరిపి కుట్టిన గుండీని విప్పి
మళ్ళీ పాత చోటే కుట్టుకున్నాను,
టీవీ చూస్తూ, ఎవరికీ చెప్పకుండా.

ఈసారి వణుకుతూ కిందికి చూసుకున్నాను.
కాటా గాజు మీద రెండు పాదాలు,
చర్మం మీద మేజోళ్ళ అంచుల గుర్తులు.
మునిగిందెక్కడ?
తడిసింది మడమ దాకానే.

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
పట్టాల మీద మంచు పేరుకుని
పావుగంట వెనకబడ్డ రోజులున్నాయి.
డిపోకి తిరిగెళ్ళి మొదటినుంచి రమ్మని
నన్నెవరూ అడగలేదు.
అలాగని పోయిన నిమిషాలు రాబట్టుకోవడానికి
ఆగకుండా ఉరికిస్తే
స్టాపుల్లో సంచులతో నిలబడ్డ ముసలమ్మలు ఊరుకుంటారా?
తలుపు తెరవాలి. మూయాలి. గంట కొట్టాలి.

పెన్సిల్ చెక్కి రాశాను: తొంభై రెండున్నర.
పక్కన ఆరు చిన్న సున్నాలు చుట్టాను.
నాలుగోదాని నడిమధ్యన ఒక చుక్క,
జామ్‌కి గుర్తుగా.
తర్వాత గుడ్డు, దోసకాయ, ఒక్క రొట్టె ముక్క.
గుండీ పడింది,
కాస్త ఊపిరి బిగబడితే.

అయిదూ పన్నెండుకి మొదటి సిగ్నల్, ఎర్రగా.
గ్లవ్ మడతలో నిన్నటి చక్కెర పలుకొకటి మెరిసింది.
అటూ ఇటూ చూశాను. వీధిలో ఎవరూ లేరు.
నాకేశాను.

అది పుస్తకంలో రాయలేదు.