కారుచౌక సూర్యుడు

ఎస్బియెర్ రేవులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
ఓడల్లో కరెంటు పని చేసినవాణ్ణి.
ఏ గోడ వెనక తీగ వేడెక్కుతోందో
ముక్కుతో చెప్పగలను.
నా ఇంట్లో మీటరు మాత్రం
నా కళ్ళముందే పరుగెత్తుతుంటే
కాఫీ తాగుతూ కూర్చున్నాను.

తొమ్మిది వందల లీటర్ల ఉప్పునీళ్ళు.
అందులో నా పగడాలు, రెండు పసుప్పచ్చ చేపలు,
చేతి గోరంత రొయ్య ఒకటి.
ఆ చలికాలం మూడు నెలల బిల్లొచ్చింది.
తొట్టె వాటాయే తొమ్మిది వేల క్రోనర్లు!
సోల్వై ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి
ఎగిరిపోకుండా వెన్న కత్తి బరువు పెట్టి,
"ఏనుగును కట్టేసుకున్నా
ఇంతకంటే తక్కువే మేసేది, ఐగిల్.
పైగా అది నాకు కనిపించేది" అంది.

ఆమెది ఆసుపత్రి లాండ్రీలో రాత్రి డ్యూటీ.
నా పగడాలకి మధ్యాహ్నమంటే
ఆమెకు నడిజాము నిద్ర.
పదకొండేళ్ళుగా ఆమె ఎరిగిన సముద్రం
ఒక నల్లటి అద్దం, ఒక మోటారు మూలుగు.

లెక్కల పుస్తకం తీశాను.
ముందు దీపాలు.
మూడు పాత హలైడ్లు, ఒక్కోటీ నాలుగు వందల వాట్లు,
వెలిగేది సగం, కాల్చేది సగం.
వాటిని దించి ఎల్ఈడీ పలకలు బిగించాను,
నెల రోజులు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాను,
కొత్త ఎండకి పగడమూ కమిలిపోతుంది మరి.
కింద సెల్లార్లో ఉన్న వడపోత తొట్టెని పైకి తెచ్చాను.
నీళ్ళని ఒక అంతస్తు మోయించి
రాత్రీ పగలూ కూలి ఇస్తున్నానని
ఇన్నేళ్ళూ తట్టనే లేదు, ఎలక్ట్రీషియన్ని!
వెనక అద్దానికీ అడుగుకీ నురగ పలకలు అతికించాను.
ఇరవై ఆరు డిగ్రీల్ని ఇరవై అయిదు చేశాను.
ఆ ఒక్క డిగ్రీకి రెండు రాత్రులు
జ్వరం వచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు
థర్మామీటరు పట్టుకుని కూర్చున్నాను.

ఒక తప్పు కూడా చేశాను.
ఆవిరితో వేడి పోతోందని
పైన గాజు మూత బిర్రుగా బిగించాను.
నాలుగో రోజుకి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.
తొమ్మిదేళ్ళు పెంచిన కొమ్మ పగడం
ఒక వైపంతా సున్నంలా తెల్లబడింది.
మూతలో అరచేతి వెడల్పు సందు వదిలాను.
ఆ కొమ్మని విరిచి పారెయ్యలేదు, అలాగే ఉంచాను.

ఇక్కడ కరెంటు ధర గంటకో రకం,
రేవులో చేపల వేలంలాగ.
సాయంత్రం ఆరింటికి ఊరంతా బంగాళాదుంపలు ఉడికిస్తుంటే
ధర కూడా ఉడుకుతుంది.
అర్ధరాత్రి దాటాక పడమటి గాలి లేస్తుంది,
హార్న్స్ రెవ్ మీద మరలు
ఎవరికోసమో తెలియకుండానే తిరుగుతాయి.
అప్పుడు కరెంటు కారుచౌక.
మా భాషలో రెవ్ అంటే నీటి కింది దిబ్బ.
ఆ దిబ్బ మీద పుట్టిన కరెంటు
నా గదిలో దిబ్బకి పగలైతే తప్పేముంది?

రోజుకో అరగంట చొప్పున సూర్యుణ్ణి జరిపాను.
మూడు వారాలకి
రాత్రి పదింటికి తెల్లవారింది,
ఉదయం ఏడింటికి పొద్దుగుంకింది.

ఆ వేళ ఆమె అయిదింటికి సైకిల్ దిగింది.
వీధిలోంచే కిటికీ నీలంగా కనబడిందట,
నిప్పంటుకుందేమోనని పరుగున వచ్చింది.
కోటు విప్పలేదు.
ఇస్త్రీ దుప్పట్ల వాసనతో
అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.
చాలాసేపటికి,
"ఆ రొయ్య ఎప్పుడు తెచ్చావు?" అంది.
"ఏడేళ్ళయింది."
"ఆ ఊదా రంగుది?"
దాని పేరు చెప్పాను.
పేరు అడిగిన మొదటి మనిషి ఆమే.

ఇప్పుడు నేను నాలుగున్నరకే లేస్తున్నాను.
కొత్త బిల్లు రెండు వేల చిల్లర.
"ఇంకా ఎక్కువే" అని
కుర్చీని అద్దం దగ్గరికి లాక్కుంది.

హలైడ్లు పోయాక ఆ గది చల్లబడింది.
ఆమె కోసం హీటరు కొంచెం పెంచాను.
అది పుస్తకంలో రాయలేదు.