జానెడు

కెర్కెన్నా దీవిలో ఆఖరి ఫెర్రీ వెళ్ళిపోయాక
చేపల పడవలో, ఐసుపెట్టెల మధ్య
తెచ్చారు మోంజీని.
ఆర్నెల్లుగా గ్యాసే అన్నాడట. సోడా తాగాడట.
ఎవరికి చెప్పుకుంటాడు,
కడుపు చించుకుంటే కాళ్ళమీదే కదా పడేది.

స్ఫాక్స్‌లో రాత్రి రెండు. చించింది నేనే.
చిన్నపేగుని మూర తర్వాత మూర వేళ్ళ మధ్య జరుపుతూ పోయాను,
వాళ్ళు చిరుగు కోసం వల తడిమినట్టు.
ఒకచోట
పేగు తనలోకి తానే దూరి నల్లబడింది.
కోసి విప్పితే ఆలివ్ కాయంత గడ్డ.
ఇరవయ్యేళ్ళలో నాకిది రెండోది.

తెల్లారాక అడిగాడు: "ఎంత తీశావమ్మా?"
"జానెడు."
"జానెడు పొట్టలో జానెడు పోతే ఇంకేం మిగిలింది!"
నవ్వబోయి, కుట్ల దగ్గర ఆగిపోయాడు.

సోడా సీసా ఇంకా అతని సంచిలోనే ఉంది.
ఆ కాయకి పేరు పెట్టే కాగితం
ట్యూనిస్ నుంచి రావాలి.