శివారు

అమలాపురంలో డాక్టరుగారు
కాగితం మీద పొడుగ్గా ఓ గీత గీసి
రెండు కొసల్నీ పెన్నుతో నల్లగా దిద్దారు.
"టెలోమియర్లంటారు వీటిని. బూటు లేసు చివర
గట్టి తొడుగుంటుంది చూడండి, అలాంటివి.
కణం చీలినప్పుడల్లా కాస్త కాస్త తరుగుతాయి.
మరీ అరిగితే లేసంతా పీచులు పీచులు."
ఇరవై రెండేళ్ళుగా కాలవ లస్కరుని నేను,
బురదలో బూటెవడేస్తాడండీ.
అయినా తలూపాను.

"మీ వీర్యకణాల్లో ఇవి పొట్టిగా ఉన్నాయి.
పిల్లలు కలగని మగవాళ్ళలో ఇలా ఎక్కువ కనబడుతోందంటున్నారు.
ఇదే కారణమని మాత్రం నేను రాసివ్వలేను."
అప్పుడర్థమైంది.
"శివారండీ" అన్నాను.
ఆయన పెన్ను ఆగింది.

లాకు దగ్గర గట్లొరుసుకుంటూ బయల్దేరిన కాలవ
తూము తూముకీ ఇంత ఇచ్చుకుంటూ
అల్లవరం దాటేసరికి
మోకాలిలోతు, మడమలోతు, ఆనక ఉత్త తడి.
ఆఖరి ఎకరం రైతు గట్టెక్కి నన్ను తిడతాడు.
తప్పు ఎగువనుందో, గుర్రపుడెక్కదో, నా చుట్టపొగదో,
ఎవరికి తెలుసు?
కనబడేవాణ్ణి నేనే కదా, తిట్టనీ.

మా ఇంట్లో మాత్రం పదకొండేళ్ళూ
తిట్లు సత్యవేణికి.
స్కానింగులు సత్యవేణికి, ఒక్కపొద్దులు సత్యవేణికి,
ఎవరింట శ్రీమంతమైనా
వంటింటి వైపు కుర్చీ సత్యవేణికి.
నా తూము పలక ఎత్తి చూద్దామని
ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.
కాదు, తోచింది.
ఎత్తలేదు.

ఆ రాత్రి మా వంతు నీరు.
క్యారేజీ తెచ్చిన మనిషికి
అన్నం కలపకుండానే కాగితం చూపించాను.
టార్చి వెలుగులో
ఆ నల్ల కొసల్ని చాలాసేపు చూసింది.
"ఇంత చిన్నదా" అంది.
కోపమో, జాలో, పదకొండేళ్ళ అలుపో,
కప్పల గోలలో సరిగ్గా వినబడలేదు.

చుట్ట మానమన్నారని చెప్పాను.
మూడు నెలలాగి మళ్ళీ పరీక్షకి రమ్మన్నారని,
కొత్త కణాలు తయారవడానికి అంతే పడుతుందట,
దాళ్వా చేను కోతకొచ్చేలోపే అయిపోతుందని.
అన్నీ చెప్పాను, ఆగకుండా.
తను క్యారేజీ గిన్నెలు
ఒకదాని మీద ఒకటి సర్దుతోంది.

"అత్తయ్యగారికి మీరే చెప్పాలి.
నేను పక్కన కూర్చుంటాను."

నీరు శివారుకి అందిందో లేదో
చూసుకుని వస్తానన్నాను.

"పల్లానికి నీరు అదే పోతుంది.
లేవండి,
ఆవిడింకా పడుకుని ఉండరు."