తడిగుడ్డ

ఖసబ్ రేవు పక్కన, కొండ మోకాలి కాడ
తెల్లరంగేసిన చెక్కపెట్టె ఒకటుంది.
నాలుగు దిక్కుల రెక్కల కిటికీలు,
గాలిని రానిస్తది, ఎండను ఆపుతది.
లోపల రెండు థర్మామీటర్లు.
ఒకటి పొడిది.
రెండోదాని కాలికి మల్లుగుడ్డ తొడుగు, కింద నీళ్ళగిన్నె.
ఆ గుడ్డే నా నౌకరి.

సిరిసిల్లల పదహారేండ్లు సాంచెల నడుమ బతికిన.
అంత మోతల పోగు తెగితే చెవితోటి పట్టేటోణ్ణి.
ఇక్కడికి వాచ్‌మన్ వీసా మీద వచ్చిన.
ఒకనాడు ఖల్ఫాన్ సాబ్ గుడ్డ మారుస్తుంటే
వచ్చీరాని హిందీల నోరు జారిన:
"గంజి పోలేదు సాబ్, అది నీళ్ళు గుంజదు."
ఆయన నా మొహం చూసిండు,
గుడ్డను చూసిండు,
కత్తెర నా చేతికిచ్చిండు.

అప్పట్నుంచి వారానికోపారి ఉడకబెడుత.
గంజి పోవాలె, ఉప్పు పోవాలె,
నా వేలి జిడ్డు సుత అంటొద్దు.

గుడ్డ ఆరుకుంట చల్లబడ్తది, మనిషి ఒళ్ళు లెక్కనే.
గాలి నిండ నీళ్ళుంటే ఆరదు.
ఆరకుంటే లోపలి వేడి లోపల్నే.
"ముప్పై అయిదు దాటితే," అంటడు ఖల్ఫాన్,
"నీడల కూసున్నా, నీళ్ళు తాగినా..."
ఆ మాట ఆయన ఎప్పుడూ పూర్తి చెయ్యడు.

మా దిక్కు ఓ మాటుంది, తడిగుడ్డతోటి గొంతు కోసుడని.
నవ్వుకుంటనే ముంచేటోణ్ణి అట్లంటరు.
చెప్తే ఖల్ఫాన్ నవ్వుతడనుకున్న.
నవ్వలే.
సాయంత్రం సముద్రం మీంచి మెల్లగ వస్తున్న గాలిని
వేలుతోటి చూపెట్టిండు.

ఇక్కడ ఒంటిగంట.
నీళ్ళకు అవతల లెంగెల పన్నెండున్నర.
బేగంపేటల రెండున్నర.
ఎవల గడియారం వాళ్ళది,
పెట్టె తలుపు తెరిచే గడియ అందరికీ ఒకటే.
లెంగె పెట్టె మాహీన్ అనే ఆమెది.
నేను సూడలే. ఫోన్ల దగ్గు మాత్రం ఎరుక.
మొన్న ఆమె కాడ మల్లుగుడ్డ అయిపోయింది,
ఏదో ఆంక్షట, పార్సిలు యాడనో ఆగిందట.
ఆడెపు లచ్చయ్య తాత మగ్గం మీద నేసిన గజం గుడ్డ
నా ట్రంకుపెట్టె అడుగున ఉండె.
సగం కోసిన. మూడుసార్లు ఉడకబెట్టిన.
మేకలు దించి సిగరెట్లు ఎక్కించుకపోయే పడవల
కవరు చుట్టి పంపిన.
పడవాయన వాసన చూసి, ఇదేం సరుకని అడిగిండు.
ఏం చెప్పాలె?

జులైల మా గుడ్డ ముప్పై నాలుగు పాయింటు ఒకటి.
ఆమెది ముప్పై మూడు పాయింటు తొమ్మిది.
ఒక్క తాత నేసిన గుడ్డే, రెండు ఒడ్లు.
ఆ రెండు పాయింట్ల కోసం
ఖల్ఫాన్, మాహీన్ మూడురోజులు ఫోన్ల కొట్లాడిండ్రు.
ఆఖరికి కెన్యా నుంచి అచియెంగ్ మేడం దిగింది,
విమానంల ఒడిలనే పెట్టుకొని తెచ్చింది
అన్నింటికీ పెద్దదిక్కైన థర్మామీటరు.
పక్కపక్కన పెట్టి చూసి తేల్చింది:
మాది ఒక పాయింటు ఎక్కువ చెప్తున్నది.
గుడ్డ తప్పు లేదు, గాజుది.
ఆ రాత్రి నాకు మంచిగ నిద్ర పట్టింది,
సిగ్గులేకుండ.

పోశెట్టి రోడ్డు పనిల ఉంటడు, సొరంగం అవతల.
మూడున్నర దాక ఎండల పని బందు.
ఆ రూలు పొడి థర్మామీటరు చూసి రాసిండ్రేమో,
మా గుడ్డ ఎక్కేది నాలుగు కొట్టినంక,
సముద్రపు గాలి తిరిగినంక.
రోజూ అదే టైముకు పోశెట్టి ఫోను:
"గుడ్డ ఏమంటున్నదే?"

ఇయ్యాల చెప్పిన:
"ముప్పై నాలుగు పాయింటు ఒకటి.
ఆ ఒకటి కొట్టెయ్యి, అది గాజుది."

"మిగిలిన ముప్పై నాలుగు నాదేనా?" అన్నడు.

"పార కింద పెట్టు పోశెట్టీ."

అవతల గాలి, ఎవలో అరుస్తున్నరు, రోలరు మోత.
ఫోను చెవికి ఒత్తుకొని నిలబడ్డ,
సాంచెల నడుమ
ఒక్క పోగు కోసం నిలబడ్డట్టు.