తప్పు రంగుల అర

మా కొట్లో వెనకాల, నిచ్చెనల పక్కన ఒక అర ఉంది.
కలిపేటప్పుడు చెయ్యి జారిన రంగులు,
మూత తీసి చూసి
"అబ్బే, నేనడిగింది ఇది కాదు" అని
వదిలేసిపోయిన డబ్బాలు
అక్కడ పడుంటాయి.
లోపలేముందో తెలియడానికి మూత మీద ఒక బొట్టు.
ధర నాలుగో వంతు.
పదకొండేళ్లుగా వాటికి చీటీలు అతికించేది నేనే.
తప్పుల్లో సగం నావే.

మోర్వెన్ శుక్రవారం సాయంత్రం వస్తుంది,
బేకరీ పిండి మోచేతుల మీద ఇంకా ఉండగానే.
డండీ కౌన్సిల్ వాళ్లు మూడో అంతస్తులో ఇల్లిచ్చారట.
తాళాలిచ్చారు, నేల ఇవ్వలేదు.
పాత తివాచీ పీక్కుపోయి
బోసి సిమెంటు మిగిల్చారు.
"అడుగు పెడితే చలి మోకాలి దాకా వస్తుంది" అంది,
ఫిర్యాదులా కాదు,
టేపు పట్టుకుని కొలత చెప్పినట్టు.

మొదటి వారం ఒక నీలం కొంది,
ఏ పళ్ల డాక్టరో వద్దన్నది.
రెండో వారం ఇటుక పొడి లాంటిది,
అది ఎవరు వద్దన్నారో నాకూ గుర్తులేదు.
మూడో వారం రంగు ఊసే ఎత్తలేదు.
గోడకాగితం నమూనా ముక్కలడిగింది,
మనిషికి ఆరు, ఉచితం.
తను ఆరు తీసుకుని కొడుకుని ముందుకు తోసింది.
రూరీకి ఏడేళ్లు.
"నేనూ మనిషినే" అన్నాడు నాతో,
ఎవరో కాదన్నట్టు.

తర్వాత ఫోన్లో చూపించింది:
సిమెంటు మీద టేపు అంటించి గళ్లు గీసి
నీలం ఒకటి, ఇటుక ఒకటి,
చదరంగం బల్లలా నేలంతా.
ఒక మూల మాత్రం పొరుగింటి పిల్లి
ఆరకముందే ఆట ఆడేసి వెళ్లింది.
ఆ అడుగుల మీద మళ్లీ రంగు వేయలేదు.
నమూనా ముక్కలు మెట్ల నిలువుల మీద,
పన్నెండు మెట్లకి పన్నెండు పూలతోటలు,
ఒకటి తలకిందులు.
కాఫీ వేయించే కొట్టు వాళ్లు పారేసే గోనెసంచులు
మూడుసార్లు ఉతికి, విప్పి,
పాత చొక్కాల పేలికలు కొక్కెంతో గుచ్చి
మంచం పక్కకి చాప చేసింది.
"మా నాయనమ్మ ఈ నార మిల్లులోనే చేసేది,
మగ్గాలకి చెవులిచ్చేసింది.
ఇంట్లోకి గోనె రానిచ్చేది కాదు."
కాసేపాగి అంది:
"ఉతికినా వాసన పోలేదు. కాఫీది కాదు, ఇంకేదో."

ఇక రూరీ గది. వాడికి పసుపు కావాలి.
నాలుగు శుక్రవారాలు బొట్లు వెతికింది.
ఊళ్లో అందరికీ బూడిదరంగు పిచ్చి పట్టిన ఏడాది అది.
పొగమంచు చాలనట్టు గోడలకీ అదే.
పసుపు అడిగేవాళ్లే లేకపోతే
తప్పు పోయేదెక్కడ?

ఐదో గురువారం
ఒకాయన వెన్నపూస రంగు చెప్పి వెళ్లాడు, ఐదు లీటర్లు.
యంత్రం దగ్గర ఎవరూ లేరు.
పసుపు మీట ఒకసారి నొక్కాలి.
నా వేలు లెక్క తప్పింది.
చాలాసార్లు తప్పింది.
ఆయనకి ఇంకో డబ్బా కలిపిచ్చాను,
మేనేజరు నావైపు చూసి
"నిద్ర పోతున్నావా డూగల్?" అన్నాడు.

శుక్రవారం మోర్వెన్ ఆ బొట్టుని
గోటితో తాకింది.
"ఇది తప్పులా లేదే."
"చాలా పెద్ద తప్పు" అన్నాను,
చీటీ సరిచేస్తున్నట్టు తల వంచుకుని.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది.
ఇంకేమీ అనలేదు.

రెండు వారాలకి జామ్ సీసాలో మిగిలిన పసుపు తెచ్చి
కౌంటరు మీద పెట్టింది.
"మీ ఇంటి గోడలు ఏం రంగు?"
నాకు వెంటనే గుర్తు రాలేదు.
ఇంటాయన వేయించిందేదో.
తెలుపు కాదు.

ఆ రాత్రి కప్పుల బీరువా తలుపు తీసి
లోపలివైపు పూశాను, సీసా అడుగంటేదాకా.
ఎవరూ చూడని చోటు కదా అని
బ్రష్షు ఎటుపడితే అటు పోనిచ్చాను.
ఆరకముందే మూసేసి పడుకున్నాను,
రంగులమ్మేవాణ్ణయ్యుండీ.
ఇప్పుడది అంటుకుపోయింది.
పొద్దున్నే టీ కప్పు కావాలంటే
కాలు గోడకి తన్నిపెట్టి లాగాలి.