పోయే దినం రేటు

మహబూబ్ మాన్షన్ గోడ మీదికెల్లి పిల్లి దుంకింది,
ఉల్లిపొట్టు లేచి మళ్ల వాలింది.
మలక్‌పేట గంజ్‌ల దీపాలు ఒక్కొక్కటే ఆరుతున్నయి.
మాణిక్‌ప్రభు సేటు నా బల్ల కాడికొచ్చి నిలబడ్డడు:
"పది రోజుల సగటు గీత జారుతనే ఉన్నది భారతమ్మా,
రేపు ఏం రేటు పలికితే అది మొఖం పైకి తిప్పుతది?
ఒక్క అంకె చెప్పు.
గీత లేసిన్నాడే గోదాం తాళం తీస్త."

గోదాంల ఉన్నవి అలంపూర్ చెన్నకేశవులు బస్తాలు.
నలభై. మొలకలొస్తున్నయి.
ఆయన కాంటా పళ్లెం మీద కూసుని
ఎటూ చూడకుండ బీడీ తాగుతున్నడు.

నేను పొడుగు దారి పట్టిన.
పది రేట్లు నిలువుగ రాసి కూడిన,
పంతొమ్మిది వేల ఆరు వందలు. సగటు పంతొమ్మిది అరవై.
రేపటి రేటుకు ఇంకా పేరు లేదు,
ఒక సున్నా చుట్టి లోపల ఖాళీగ ఉంచిన.
పాతది పక్కకు పెట్టి మిగిలిన తొమ్మిది కూడిన,
పది సగట్లల్లకెల్లి అది తీసేసిన,
సున్నా లోపలికి అంకె నడుచుకుంట వచ్చింది:
ఇరవై ఒక్క వందల నలభై.

మళ్ల చూసిన.
వరుసల మొట్టమొదటి అంకె అదే.
ఇంత కూడి, ఇంత తీసి, చేరింది పోయేదాని దగ్గరికే!
నడిమి తొమ్మిది రోజులు
పెండ్లిల రెండు దిక్కుల సుట్టాల తీరు,
ఈ పక్క ఉన్నరు, ఆ పక్క ఉన్నరు, లెక్కల లేరు.
వచ్చేది పోయేదానికంటె ఎత్తుంటె గీత పైకి,
పొట్టిగుంటె కిందికి.
గంతే.
ఇది తెల్వనీకి ముప్పై ఏండ్ల గుమాస్తాగిరి.

హమాలీ నిసార్ టవల్ దులిపి నవ్విండు:
"మెట్రో డబ్బా లెక్క గదమ్మా!
దిగేటోడు బక్కోడా, ఎక్కేటోడు బలిసినోడా,
తలుపు కాడ ఇద్దరిదే యవ్వారం.
నిలబడ్డోళ్లను ఎవడు తూకమేస్తడు?"

ఇరవై ఒకటి నలభై.
ఈ అంకె నా చెవిల ఇంతకుముందే ఉన్నది.
పోయిన వారం సోమవారం
మొగులయ్య బస్తా ఎక్కి పాడిన ఆఖరి పాట.
నలభై కాడ గొంతు బొంగురు పోయింది,
గ్లాసెడు నీళ్లు తాగి మళ్ల అందుకున్నడు,
"నలభై! ఒకటోసారి!"
ఆ రాత్రి పండుకున్న మంచంల మళ్ల లేవలే.

ఇయ్యాల వాళ్లింట్ల పదకొండో దినం.
పిలిచి వడ్డించిన్రు, తిని వచ్చిన.
వంకాయల ఉప్పెక్కువైంది, ఎవ్వరూ అనలే.
అందరు చేతులు కడుక్కున్నరు.
నా పుస్తకంల మాత్రం ఆయన ఇంకో రాత్రి ఉంటడు.
రేపు కొత్త పిలగాడు పాడంగనే దిగిపోతడు.
గీత మలగాలంటె
ఆ పిలగాడు మొగులయ్య గొంతును దాటాలె.

సేటుకు చెప్పిన.
"ఇయ్యాల్టి రేటే పద్దెనిమిది పది, ఎట్లయితది?" అన్నడు.
"రేపు రెండు వేలు పలికినా గీత దిగుతది సేట్.
ఎల్లుండి ఇంకా కష్టం, పోయేది ఇరవై రెండు వందలు."
మంగళవారం సంగతి చెప్పలే.

మంగళవారం పోయేది వానపడ్డ దినం,
గడ్డ తడిసి పదహారు ఇరవైకి ఏడ్చిన దినం.
ఆనాడు పదిహేడు వందలు పలికినా చాలు,
రేటు సచ్చినా గీత లేస్తది,
సేటు అగర్బత్తి ముట్టిచ్చి తాళం తీస్తడు.
మంచి వచ్చి కాదు, చెడ్డ పోయి.

మెట్ల కాడ చెన్నకేశవులుకు మెల్లగ చెప్పిన:
"గీత కోసం ఆగకు పెద్దాయనా.
రేపే సరుకు నీకియ్యమని అడుగు."
ఆయన నన్ను చూసిండు, తాళాన్ని చూసిండు,
ఆరిపోయిన బీడీని మళ్ల ముట్టిచ్చిండు.

పుస్తకం మూయబోయి ఆగిన.
వెనక పేజీల మొగులయ్య పాట కూలి,
నలభై రెండు రూపాయలు, ఇంకా ఇయ్యలే.
అది ఏ సగట్ల పడదు.