జారిన గీత

కలిగిరి స్టేషన్ చీటీ ఇంకా వేలాడతానే ఉంది
ట్రిగ్గర్ గార్డుకి, పురికొస ముడితో.
పోయిన ఎలక్షన్లప్పుడు కట్టింది.
పెంచలరెడ్డిగారి కోడలు దాన్ని తెంపకుండానే
జోడు గొట్టాల తుపాకిని జంపఖానాలో చుట్టి
కారు వెనక సీట్లో పడుకోబెట్టి
నెల్లూరు తెచ్చింది.

"మద్రాసాయన కొంటానన్నాడు.
ఒక్క మాటే అడిగాడు:
కర్ర దాంతోపాటు పుట్టిందేనా, తర్వాత వేసిందా?
నువ్వు చూసి రాసిస్తే చాలంట."

మడత విరిచి గొట్టాల్లోంచి కిటికీని చూశాను.
రెండు గుండ్రటి ఆకాశాలు. ఖాళీ. సరే.

ఇక కర్ర.
పుట్టుకర్రకీ ఇనుముకీ నడుమ గోరు ఆగకూడదు.
రెంటినీ కలిపి ఒకే ఆకురాయి కింద అరగదీస్తారు,
ఒకే ఒంటి తోలులాగా.
ఇక్కడ నా బొటనవేలి గోరు ఆగింది.
వెంట్రుకవాసి మెట్టు.
అయితే మెట్టొక్కటే సాక్ష్యం కాదు.
మన ఎండ వందేళ్లలో ఏ కర్రనైనా తింటుంది.
పాలిష్ మోజులో ఎవడన్నా గరుక్కాయితం రుద్ది ఉండొచ్చు.
తొందరపడ్డ వాళ్లని ఈ పనిలో చాలామందిని చూశాను.

ముందు కర్ర అక్రోటు. పొగాకు రంగు, సన్నటి గీర.
వెనకది నల్లూదా.
పాలిష్ లేని మూల గోటితో గీరితే
జిట్రేగి చేవ వాసన, కాస్త తియ్యగా.
ఒక తల్లి బిడ్డలు కారు.

పట్టు దగ్గర గళ్లు చూశాను.
ఒక్క గీతా తప్పలేదు. అంచుకొచ్చేసరికి మాత్రం
ఊరికే ఆగలేక చిన్న చేపతోకై విడిపోయాయి.
తుపాకికి చేపతోక ఎవరు పెడతారు?
షర్బతు గరిటె కాడకి పెడతారు.

ఆమెకి టీ చెప్పి, గార్డు మరలు విప్పాను.
మరల గాళ్లన్నీ గొట్టం వైపే చూడాలి. ఒకటి పక్కకి తిరిగుంది.
ఇనుము లోపలి పక్క నంబరు, 4183.
కర్ర గాడిలోనూ అదే నంబరు.
ఆమె మొహం వెలిగింది. "రెండూ ఒకటేగా!"

ఒకటే. మరీ ఒకటే.
ఇనుము మీద మూడు పక్కన ఒక గీత ఉంది,
ఎప్పుడో ఎవడి చేతిలోనో స్క్రూడ్రైవర్ జారి పడ్డది.
కర్ర మీదా ఉంది.
ఇది జారింది కాదు.
ఉలితో, నిదానంగా, అంతే పొడుగు, అంతే వంపు.
ఇంగ్లీషు అంకెలు రానివాడు
ఏది అంకో ఏది పొరపాటో తేల్చుకోలేక
దేన్నీ వదిలిపెట్టలేదు.

మా సిలార్ తాత.
ఉదయగిరి కొండ కింద గరిటెలు చెక్కి బతికినోడు.
నా చిన్నప్పుడు ఒక్కసారే చెప్పాడు,
రెడ్డిగారి తుపాకి మెడ రాళ్లలో విరిగితే
నెల్నాళ్లు గరిటెలు మాని దాంతోనే కూర్చున్నానని.
కూలి ఎంతని అడిగితే నవ్వాడు.
రెండు కుంచాల జొన్నలు, ఒక పాత కోటు.
చేతులు పొడుగైతే జేజి కత్తిరించింది.
ఆ ముక్కలే తర్వాత నా బడి సంచి.

ధర సగానికి పడుతుంది. ఆమెకి చెప్పాలి.
చెప్పాను.
స్టేషన్ చీటీ పురికొస వేలికి చుట్టుకుంటా
కాసేపు కూర్చుని, "మరి నంబరుందిగా, అబ్బయ్యా"
అంది మళ్లీ.

కాయితంలో రెండు గళ్లు:
అసలుది, మార్చినది.
రెండోదాంట్లో టిక్కు పెట్టాను.
కింద ఖాళీలో, ఎవరూ అడక్కపోయినా,
'జిట్రేగి. ఉదయగిరి. చేతిపని' అని రాశాను.
ఆ గీత సంగతి ఎట్లా రాయాలో తెలీలేదు.
పక్కన పెన్నుతో
అట్లాంటిదే ఒకటి గీశాను.